రాత్రి అరిగే రోలర్: మిర్యాలగూడ మిల్లుల్లో ఒక సమ్మర్ ఇంటర్న్, ఎనిమిది వారాలు

మాది మిర్యాలగూడలో రైస్ మిల్లు సామాను షాపు. షెల్లర్లకు, అంటే వడ్ల పొట్టు ఊడదీసే మిషన్లకు వేసే రబ్బరు రోలర్లు, ఇంకా బెల్టులు, బేరింగులు, ఎలివేటర్ బకెట్లు, జల్లెడలు, ఇంకా మిల్లులో ఏది విరిగితే అది. పదిహేడేళ్ళుగా ఇదే పని. 2024 ఎండాకాలంలో మొదటిసారి ఒక కాలేజీ అమ్మాయిని ఇంటర్న్‌గా పెట్టుకున్నా, ఏప్రిల్ 29 నుంచి జూన్ 22 దాకా. పిల్లల్ని పెట్టుకుంటే లాభమా తలనొప్పా అని తోటి డిస్ట్రిబ్యూటర్లు అడుగుతుంటారు. రెండూనూ. ఏం జరిగిందో అంకెలతో సహా రాస్తా, చూసుకోండి. రోలర్ల అసలు రేట్లు మాత్రం బయట పెట్టను, వ్యాపారం కదా, లెక్క అర్థం కావడానికి వాటి బదులు గుండ్రటి అంకెలు వేశా. మిగతావన్నీ రిజిస్టర్లో ఉన్నవే.

మిర్యాలగూడ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలాక ఇక్కడ వరి పెరిగింది, వరి వెనకాలే మిల్లులు వచ్చాయి. ఇప్పుడు ఊరికి ఏ దారిన వచ్చినా ముందు కనిపించేది మిల్లు పొగ గొట్టాలు, రోడ్డు వార ఆగిన వడ్ల లారీలే. యాసంగి (రబీ) వడ్లు ఎండకు లోపలే బీటలిచ్చి ఉంటాయి, పచ్చివి ఆడిస్తే నూకలే ఎక్కువ, అందుకే ఆ పంట చాలా వరకు ఉడకబెట్టి బాయిల్డ్ చేస్తారు. దీని మీద సీఎంఆర్ ఒకటి, అంటే సర్కారు కొన్న వడ్లను మిల్లు తీసుకుని ఆడించి బియ్యం తిరిగివ్వడం. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు ఇవ్వాలి. గడువు దగ్గరపడితే మిల్లు రాత్రింబవళ్ళు నడుస్తుంది. మే, జూన్ నెలల్లో మా షాపుకు ఊపిరాడదు. అంత పనిలో ఇంటర్న్ ఎందుకంటారా? నల్లగొండలో కాలేజీలో పనిచేసే మా తోడల్లుడు ఫోన్ చేసి "బీబీఏ పిల్ల, తిప్పర్తి దిక్కు, మంచిగ చదువుతది, ఒక సర్టిఫికెట్ ఇయ్యి" అన్నాడు. కాదనలేకపోయా. అంతే, పెద్ద ప్లాన్ ఏమీ లేదు.

మొదటి తప్పు అక్కడే. పని ఏమిటో నాకే తెలియకుండా పనిలో పెట్టుకున్నా. జీతం కూడా అనుకోలేదు. రెండో రోజు మా ఆవిడ అడిగింది, రానూపోనూ బస్సు చార్జీ, మధ్యాహ్నం తిండి ఎవరిస్తారని. బస్సులో ఆడపిల్లలకు టికెట్ లేదు కదా అని నేను తెలివిగా అన్నా. ఆమె చూసిన చూపుకు నెలకు 6,000 ఇస్తానని ఒప్పుకున్నా, భోజనం మా ఇంట్లోనే.

సరే, పని. ఒక సంచిలో కేటలాగులు, రేటు కాగితం, వంద విజిటింగ్ కార్డులు పెట్టి మా ట్రాలీ ఆటో ఎక్కించా. డ్రైవర్ యాభై దాటిన మనిషి, ఆ అమ్మాయి మొదటి రోజు నుంచే "కాకా" అని పిలిచింది కాబట్టి నాకు ఆ టెన్షన్ లేదు. రోజుకు నాలుగు మిల్లులు తిరగాలి, సేటును, అంటే మిల్లు ఓనరును కలవాలి, మా రోలర్ గురించి చెప్పాలి, ఫోన్ నంబర్ తేవాలి. పదిహేడేళ్ళ కింద నేను ఈ పని నేర్చుకున్నదీ ఇలాగే, చెప్పులరిగేదాకా తిరిగి.

రెండు వారాల్లో 38 మిల్లులు తిరిగింది. ఆర్డరు ఒక్కటి. అదీ ఎలాగూ మా దగ్గరే కొనే పాత గిరాకీది, ఆ పిల్ల మొహం చూసి ఆ పూటే ఇచ్చాడు. మిగతా చోట్ల జరిగింది దాదాపు ఒకటే. సేటు ఉండడు, హైదరాబాద్‌లో ఉంటాడు. ఉంటే ఫోన్‌లో ఉంటాడు. ఫోన్ పెట్టేస్తే ముందు అడిగేది "ఏ ఊరు బిడ్డా మీది? మీ నాయిన ఏం చేస్తడు?" అని. వ్యవసాయం అని చెబితే తర్వాతి మాట వడ్ల మీదికి పోతుంది. ఒక సేటు అయితే "మీ దిక్కు వడ్లల్ల తేమ జాస్తి, తాలు జాస్తి" అని పావుగంట క్లాసు పీకాడట. అదే వారం వీళ్ళ నాన్న వడ్లు ఐకేపీ కేంద్రంలో, అంటే ఊళ్ళో సర్కారు తరఫున వడ్లు కొనే చోట, కుప్పగా ఉన్నాయి, లారీ కోసం ఎదురుచూపు. తేమ 17 శాతం దాటితే తూకం వెయ్యరు, వేసినా మిల్లు దగ్గర తరుగు అంటారు. ఇంటి దగ్గర మిల్లోళ్ళను తిట్టుకుంటూ పెరిగిన పిల్లను తీసుకుపోయి ఆ మిల్లోళ్ళకే నవ్వుతూ సరుకు అమ్మమన్నా నేను. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆటోలో వస్తూ కాకాతో అందట, "కేటలాగు చేతిల ఉండె కాబట్టి ఊకున్న" అని.

రేటు అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. "పక్క షాపోడు అయిదొందలు తక్కువకిస్తుండు" అని కాగితం మడిచి ఇచ్చేశారు. మా రోలర్ల జత 3,400 అనుకుంటే వాళ్ళది 2,900. అది నిజమే. ఇక ఉద్దెర, అంటే అప్పు. "తొంభై రోజులు ఇస్తవా?" అని ఒకాయన అడిగితే, ఈ పిల్ల కాలేజీలో విన్నది గుర్తుచేసుకుని, కొత్త రూల్ ప్రకారం 45 రోజుల్లో కట్టాలి కదా సార్ అంది. ఆయన నాకు ఫోన్ చేసి నవ్వాడు. ఇక్కడ చాలామంది పొరపడతారు కాబట్టి చెబుతున్నా. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అని 2024 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. చిన్న యూనిట్లకు ఇవ్వాల్సిన బాకీ, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టకపోతే కొన్నవాడికి ఆ ఏడాది ఆ ఖర్చు లెక్కలో రాదు. అయితే అది తయారీదారులకు, సేవలు అందించేవాళ్ళకు. మాలాంటి కొని అమ్మే షాపుకు ఉద్యం సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకు సర్కారు ఇచ్చే రిజిస్ట్రేషన్) ఉన్నా అది బ్యాంకు లోన్ల వరకే, ఈ రూల్ కింద మేము రాము. ఆ సేటుకు ఆ సంగతి తెలుసు. మా ఇంటర్న్‌కు తెలియదు, పంపేముందు నేను చెప్పలేదు.

మే 13 పోలింగ్. ఆ రోజు షాపు మూసాం. మర్నాడు పొద్దున వచ్చి నా టేబుల్ ముందు నిలబడి అడిగింది. "సార్, వీళ్ళు రోలర్ ఎప్పుడు కొంటరు?"

అరిగినప్పుడు కొంటారమ్మా అన్నా.

"ఎప్పుడు అరుగుతది?"

మిల్లును బట్టి, వడ్లను బట్టి అన్నా.

"ఏ మిల్లుల ఎప్పుడు అరుగుతదో మనకు తెలుసా సార్?"

తెలియదు. పదిహేడేళ్ళు అమ్మినా ఒక్క మిల్లు గురించి కూడా ఖచ్చితంగా చెప్పలేను. కొంచెం చిరాకేసింది కూడా, నిజం చెప్పాలంటే. ఆ పూట తిరగడానికి పంపకుండా బిల్లింగ్ కంప్యూటర్ ముందు కూర్చోమన్నా, చిరాకుతోనే. మా బిల్లు మీద టైం పడుతుంది, దాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోలర్ల బిల్లులు 146 తీసింది. 83 పొద్దున తొమ్మిదిన్నర లోపువే. షాపు తీసేది ఎనిమిదిన్నరకు. అంటే రోజుకు పది గంటలు తెరిచి ఉంచితే, రోలర్ల వ్యాపారంలో సగానికి పైగా మొదటి గంటలో అయిపోతోంది. నా ఫోన్ తీసుకుని రాత్రి పది తర్వాత వచ్చిన మిస్డ్ కాల్స్ కూడా చూస్తానంది. ఇచ్చా. ఆపరేటర్ల నంబర్లే ఎక్కువ, పేర్లు కూడా సేవ్ చేసుకోలేదు నేను.

అంటే వాళ్ళు పొద్దున కొనడం లేదు. రాత్రి అవసరం పడి, పొద్దున దాకా ఆగి కొంటున్నారు.

ఈ వ్యాపారం తెలియనివాళ్ళకు షెల్లర్ సంగతి చెప్పాలి. రెండు రబ్బరు రోలర్లు పక్కపక్కన, ఎదురెదురుగా తిరుగుతాయి, ఒకటి వేగంగా, ఒకటి కాస్త మెల్లగా. మధ్యలో పడ్డ గింజకు ఆ వేగం తేడాతో పొట్టు ఊడుతుంది. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది, అందుకే మధ్యలో ఒకసారి దాన్ని ఇటు, దీన్ని అటు మారుస్తారు. రబ్బరు అరిగేకొద్దీ సందు పెరుగుతుంది, ఆపరేటర్ చక్రం తిప్పి బిగిస్తాడు. ఎంత బిగించాలో అతని చేతికి, చెవికి తెలుసు, మీటరు ఏమీ ఉండదు. మరీ అరిగాక కూడా బిగిస్తూ పోతే గింజ విరుగుతుంది. గంటకు రెండు టన్నులు లాగే షెల్లర్‌లో జత రెండున్నర, మూడు రోజులు వస్తుంది.

రోలర్ ఎప్పుడు అరుగుతోందో తేల్చడానికి మాకు బాగా తెలిసిన మూడు మిల్లుల్లో అడిగి రిజిస్టర్లు పెట్టించాం. మే 20 నుంచి జూన్ 8 దాకా. ఆ అమ్మాయి పగలు వంతులవారీగా ఒక్కో మిల్లులో కూర్చునేది, సాయంత్రం ఆరు దాటితే ఇంటికి, ఇది నా షరతు. రాత్రి గడి ఆపరేటరే నింపాలి. లోపలికి పోయిన మొదటి రోజే ఒక ఆపరేటర్, దామరచర్ల వైపు మనిషి, షెల్లర్ ఆపకుండానే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడట. "చెల్లె, ఆ చున్నీ ఆఫీసుల పెట్టి రా. బెల్టు అడగదు." మరుసటి రోజు నుంచి చొక్కా, ప్యాంటు, తలకు గుడ్డ, మూతికి మాస్క్. మిల్లుకు ఇంటర్న్‌ని పంపేవాళ్ళు ఇది ముందే చెప్పండి, నేను చెప్పలేదు, అతను చెప్పాడు. ఆడపిల్లలకు బాత్‌రూమ్ ఎక్కడుందో కూడా ముందే కనుక్కోండి. రెండు మిల్లుల్లో లేదు, పక్కన సేటు ఇంటికి పోవాల్సి వచ్చింది. అలా పోబట్టే సేటు భార్యతో పరిచయమైంది, అది తర్వాత పనికొచ్చింది.

రిజిస్టర్ గళ్ళు నేను గీసిచ్చినవే. తేదీ, ఏ షెల్లరు, రోలర్ ఎక్కించిన టైం, దించిన టైం, ఎన్ని టన్నులు, ఏ కంపెనీ. చివర ఒక గడి ఆ అమ్మాయి కలిపింది: "దించినప్పుడు కొత్త జత చేతిలో ఉందా?"

నేను గీసిన గళ్ళు మాకు ఎదురు తిరిగాయి. మొత్తం 47 మార్పుల్లో మా జతలు 19. మా సగటు 112 టన్నులు, వేరేవాళ్ళది 104. ఎక్కువే వచ్చింది కదా అని సంబరపడేలోగా రిజిస్టర్ అంచులోనే టన్నుకు ఖర్చు లెక్కేసి చూపించింది. 3,400ను 112తో భాగిస్తే టన్నుకు 30 రూపాయల 36 పైసలు, 2,900ను 104తో భాగిస్తే 27 రూపాయల 88 పైసలు. రెండున్నర రూపాయలు మేమే ఖరీదు. "రోలర్ ఖరీదైనా ఎక్కువ రోజులు వస్తుంది, మీకే లాభం" అని పదిహేడేళ్ళుగా చెబుతున్నా అందరికీ. కావాలని అబద్ధమాడలేదు, కంపెనీవాళ్ళు చెప్పింది నమ్మి చెప్పా.

సరే నూకలో తేడా ఉంటుందిలే అనుకున్నా. మిల్లుకు అసలు డబ్బు అక్కడే. టన్ను వడ్లకు 680 కిలోల బియ్యంలో ఒక్క శాతం నూకయిందంటే దాదాపు ఏడు కిలోలు, బియ్యానికీ నూకకూ కిలోకు పది రూపాయల తేడా వేసుకున్నా డెబ్బై రూపాయలు. రోలర్ ఖర్చులో రెండున్నర రూపాయలెక్కడ, ఇదెక్కడ. కంసాలి షాపులో వాడే చిన్న త్రాసు కొనిచ్చా. షెల్లర్ కింద నుంచి వంద గ్రాములు తీసి, న్యూస్ పేపర్ మీద పోసి, నూక ఏరి తూచేది. కూర్చుని చూశా ఒకరోజు. వేలి కొసతో గింజ గింజా పక్కకు జరుపుతుంటే అచ్చం మా అమ్మ చాటలో మెరిగలు ఏరినట్టే ఉంది. అయితే మా రోలర్‌కూ వేరే రోలర్‌కూ తేడా ఏమీ తేలలేదు. వడ్ల తేమ మారితే మారుతోంది, ఆపరేటర్ మారితే మారుతోంది, కంపెనీ మారితే మారట్లేదు.

మిగిలింది ఆ చివరి గడి. 47లో 11 సార్లు "లేదు". ఆ పదకొండు సార్లూ కలిపి షెల్లర్ ఆగింది 58 గంటలు. అన్నిటికన్నా ఎక్కువ ఒక ఆదివారం రాత్రి ఎనిమిది నుంచి సోమవారం పొద్దున తొమ్మిది దాకా, పదమూడు గంటలు. గంటకు రెండు టన్నుల చొప్పున 116 టన్నులు. ఇదంతా నష్టం కాదు, పక్క షెల్లర్ కొంత లాగుతుంది. కానీ హమాలీల కూలి ఆగదు, కింద డ్రయ్యర్‌లో వడ్లు ఎదురుచూస్తుంటాయి. ఇంకో రెండు సార్లు ఆపకుండా, అరిగిన రోలర్‌నే బిగించి పొద్దున దాకా లాగించారు. ఆ రెండు పొద్దుల్లో తీసిన శాంపిళ్ళలో నూక కంటికే కనిపించేంత ఎక్కువ. ఆ పక్కన "రెండే శాంపిళ్ళు, నమ్మొద్దు" అని రాసుకుంది తనే.

మరి మిల్లులో నాలుగు జతలు ముందే కొని పెట్టుకోవచ్చు కదా? పిసినారితనం అనుకునేవాణ్ణి నేను. ఆపరేటర్లను అడిగితే తెలిసింది వేరు. గుమస్తా చేతిలో ఉండే డబ్బు ఒక జతకే సరిపోతుంది, అంతకు మించితే సేటు ఊ అనాలి. సేటు పదింటికి ఫోన్ ఆపేస్తాడు. ఎక్కువ జతలు ఉంటే ఒకటి మాయమవుతుందని సేటు భయం, మాయమైతే తన మీదికి వస్తుందని ఆపరేటర్ భయం. పైగా రబ్బరు నిల్వ ఉంటే గట్టిపడుతుంది, ఎండ తగిలితే ఇంకా తొందరగా. ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి.

ఇక్కడ ఒక పక్క మాట. ఆ రోజుల్లోనే అడిగింది, షెల్లర్ ఆగితే బయట లారీలు కూడా ఆగుతాయా సార్ అని. ఎందుకడుగుతోందో అర్థమైంది, ఊళ్ళో కుప్ప ఇంకా తూకం కాలేదు, మబ్బు పట్టింది. అవునని చెప్పి ఉంటే ఇంకా కసిగా పనిచేసేదేమో. కానీ అది అబద్ధం. లారీ ఆగేది గోదాంలో జాగా లేకా, దించే హమాలీలు చాలకా, ఒక్క షెల్లర్‌తో కాదు. అదే చెప్పా. తర్వాతి వారం వాళ్ళ వడ్లు తూకమయ్యాయి. తరుగు ఎంత తీశారో చెప్పలేదు, నేనూ అడగలేదు.

జూన్ 10న ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి రాసుకున్నాం. నాలుగు జతలు మా డబ్బుతోనే మిల్లులో పెడతాం, తాళం ఉన్న పెట్టెలో, తాళంచెవి గుమస్తా దగ్గర. వాడిన జతకే బిల్లు. శనివారం శనివారం మేమే వచ్చి లెక్క చూసి నింపుతాం. ఆలోచన తనది, పెట్టెకు తాళం నాది. అయిదు మిల్లులంటే ఇరవై జతలు, 68,000 రూపాయలు ఊరికే బయట కూర్చుంటాయి, కంపెనీకేమో నేను ముప్పై రోజుల్లో కట్టాలి, ఈ సంగతి ఆలోచించావా అని అడిగా. లేదంది. ఒక మిల్లు నెలకు ఇరవై, ఇరవై మూడు జతలు వాడుతుంది, అందులో రాత్రి అవసరం నాలుగో వంతు మనకు వచ్చినా అయిదారు జతలు, అంటే పెట్టిన నాలుగూ మూడు వారాల్లో తిరుగుతాయి అని మర్నాడు లెక్క తెచ్చింది. జతకు మాకు మూడొందలు మిగిలితే అయిదు మిల్లులకు నెలకు తొమ్మిది వేల లోపు. పెద్ద డబ్బేమీ కాదు. కానీ మిల్లులో మన పెట్టె ఉంటుంది, అది నాకు నచ్చింది.

జీఎస్టీ సంగతి మా అకౌంటెంట్‌ను అడిగి వచ్చింది. అమ్మకం ఖాయం కాకుండా పంపే సరుకును డెలివరీ చలాన్ మీద పంపొచ్చు, వాడుకున్నప్పుడు ఇన్వాయిస్. కాకపోతే పంపిన రోజు నుంచి ఆరు నెలలు దాటకూడదు, దాటితే వాడినా వాడకపోయినా ఇన్వాయిస్ కొట్టాల్సిందే. చలాన్ బుక్కు అచ్చు వేయించాం. ప్రతి చలాన్ మీద జతలు ఎన్ని, ఎక్కడ పెట్టారు, తీసుకున్నవాళ్ళ సంతకం.

మొదట పోయింది రిజిస్టర్ పెట్టిన మిల్లుకే, నేనూ వెంట వెళ్ళా. టన్నుకు ఖర్చు లెక్క తీసేసి కొత్త కాగితం తయారుచెయ్యమని ముందు రోజే చెప్పా. సరే సార్ అంది. తీరా చూస్తే మిల్లు రిజిస్టరే యథాతథంగా టేబుల్ మీద పెట్టింది, అది వాళ్ళ రిజిస్టరే కదా సార్, మనం తీస్తే మాత్రం వాళ్ళకు తెలియదా అని తర్వాత అంది. సేటు అద్దాలు పెట్టుకుని చూశాడు.

"మీ రోలర్ పిరమే అని మీరే రాసుకొచ్చిన్రా?" అని పగలబడి నవ్వాడు. నాకు చెమటలు. "మరెందుకు కొనాలె బిడ్డా?"

"కొనకండి సార్. ఉంచుకోండి. రాత్రి మీ దగ్గర వేరే జత లేనప్పుడు వాడుకోండి, వాడితేనే బిల్లు."

ఆయన ఆ పదమూడు గంటల ఆదివారం గడి మీద వేలు పెట్టి గుమస్తాను పిలిచాడు. నిజమేనా ఇది అన్నాడు. గుమస్తా నా వైపు చూశాడు, ఆ అమ్మాయి వైపు చూశాడు, నిజమే సేట్ అన్నాడు. "నాకు చెప్పలే." "ఫోన్ బంద్ ఉండె సేట్." ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య జరిగింది ఇక్కడ రాయను. పెట్టె మాత్రం దిగింది.

చివరి రెండు వారాల్లో 14 మిల్లులకు చెప్పాం. ఆరుగురు సరే అన్నారు. ఒకరిది పాత బాకీ ఉంది, అది తీరేదాకా కుదరదన్నా. ఒక చోట సేటు కాదంటే ఆయన భార్యే పెట్టించింది, మిల్లు లెక్కలు ఆమే చూస్తుందని మాకు అప్పుడే తెలిసింది, నేను ఇన్నాళ్ళూ ఆయనకు నమస్తే పెడుతూ ఉన్నా. ఒప్పుకోని ఎనిమిది మందిలో ముగ్గురికి నిజంగానే అవసరం లేదు, పెద్ద మిల్లులు, సొంత స్టోరు ఉంది. అలాంటి చోటికి పోవడం మా తప్పు, బిల్లుల టైం చూసుకుంటే ముందే తెలిసేది, వాళ్ళు ఎప్పుడూ మధ్యాహ్నం పదేసి జతలు కొనేవాళ్ళు.

ఇక కాలేజీ రిపోర్టు. వాళ్ళ ఫార్మాట్‌లో యాభై మందికి ప్రశ్నాపత్రం ఇచ్చి, అయిదు మెట్ల జవాబులు తీసుకుని, రంగుల పటాలు గీయాలి. మిల్లు ఆపరేటర్‌ను "మీరు ఈ ఉత్పత్తితో ఎంత సంతృప్తిగా ఉన్నారు" అని అడిగితే ఏం చెప్తాడు? రిజిస్టర్ పెడితే చాలదా అని అడిగిందట, ఫార్మాట్‌లో లేదన్నారట. చివరికి యాభై కాగితాలు నింపించాం, నేనూ కొన్ని మిల్లులకు ఫోన్ చేసి పెట్టా. రిజిస్టర్ నకలు అనుబంధంగా వెనకాల పెట్టింది, ఎవరైనా చదివారో లేదో.

జూన్ 22న సర్టిఫికెట్ ఇచ్చి, రెండో నెల డబ్బులు ఇచ్చి పంపా. పెట్టెలు చూసుకుంటూ ఉంటావా అని అడిగా, ఉద్యోగంగా. ఐసెట్ రాసి ఎంబీఏ చేస్తానంది. ఎంబీఏ తర్వాత వస్తావా అంటే నవ్వింది.

సెప్టెంబరు నాటికి లెక్క ఇది. అయిదు పెట్టెల్లో మూడు నడుస్తున్నాయి. ఆ మూడింట్లో రెండు మిల్లులు పగటి రోలర్లు కూడా మా దగ్గరే తీసుకోవడం మొదలుపెట్టాయి, ఖరీదని తెలిసి కూడా. ఎందుకని ఒక గుమస్తాను అడిగా, శనివారం ఎట్లాగూ వస్తరు కదా, మళ్ళీ వేరే షాపుకు ఎవరు పోవాలె అన్నాడు. నాలుగోది వాడకం లేక వాపసు తెచ్చుకున్నాం, నాలుగు జతలూ సక్రమంగా, చలాన్ చూపించి.

అయిదోది నేను స్వయంగా పెట్టింది. పాత స్నేహం, టీ తాగుతూ మాట్లాడుకున్నాం, మర్నాడు ఆటోలో నాలుగు జతలు పంపించా. చలాన్ రాద్దామా సార్ అని ఆ అమ్మాయి అడిగింది, మనోడేలే అన్నా. పెట్టె కూడా పెట్టలేదు. ఆగస్టులో పోయి చూస్తే మూడే వచ్చాయంటాడు గుమస్తా. ఆ మూడూ బాయిలర్ పక్క రేకుల షెడ్డులో, మధ్యాహ్నం ఎండ నేరుగా పడే చోట. రబ్బరు మీద గోరు గుచ్చితే దిగలేదు, అంచుల్లో సన్నగా పగుళ్ళు. వచ్చినప్పుడే అట్లున్నయి అన్నాడు. అతనితో గొడవపడటానికి నా దగ్గర కాగితం లేదు.

వాపసు తెచ్చి షాపు వెనక పడేశా. వానాకాలం టార్పాలిన్ లేచిపోకుండా అంచుల మీద బరువుకు పెట్టాడు మా ఆటో కాకా, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.